పాటలు కట్టే మాస్టారికి: ఐదు వేలలో ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు బడిలో తెలుగు చెబుతారు. పిల్లల కోసం లలిత గీతాలు రాసి, వరస కూడా మీరే కడతారు. ఇంట్లో ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్, యూఎస్‌బీ పోర్టు ఉన్న క్యాసియో కీబోర్డు ఉన్నాయి. వరసలు ఫోన్‌లో పాడి దాచుకుంటున్నారు. వాటికి తాళం, వెనక వాయిద్యాలు చేర్చి, పిల్లలు వింటూ నేర్చుకునేలా ట్రాక్ చేయాలని మీ కోరిక. స్టూడియోలో పాటకి ఎనిమిది వేలు అడిగారు. తెలిసిన కుర్రాడొకడు నలభై వేల సాఫ్ట్‌వేర్ ఊరికే ఎక్కించి పెడతానన్నాడు. మీ చేతిలో ఉన్నది ఐదు వేలు. అందులో ఏ సాఫ్ట్‌వేర్ వస్తుంది?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పాట రికార్డు చేసి వాయిద్యాలు పేర్చుకునే రీపర్ అనే సాఫ్ట్‌వేర్ దించుకోండి. 60 రోజులు పైసా కట్టక్కర్లేదు, ఏ ఫీచరూ తాళం వేసి ఉండదు. మీ ఐదు వేలు పెట్టి చిన్న సౌండ్‌కార్డు, అంటే మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే డబ్బా, కొనండి. రెండు నెలల్లో రెండు పాటలు పూర్తి చేస్తే అప్పుడు రీపర్ లైసెన్సు 60 డాలర్లకి కొనండి. పూర్తి కాకపోతే సాఫ్ట్‌వేర్ మీద డబ్బు పోలేదు కదా, సౌండ్‌కార్డు మాత్రం జూమ్ క్లాసులకైనా పనికొస్తుంది.

ఇరవై రెండేళ్లుగా కీబోర్డు ప్రోగ్రామింగ్ నా వృత్తి. ఈ ప్రశ్న నెలకి ఇద్దరు ముగ్గురు అడుగుతారు. అందరికీ నేను వేసే ఎదురు ప్రశ్న ఒకటే: మీకు వరస ఎక్కడ పుడుతుంది? నోట్లోనా, వేళ్ల మీదా, కాగితం మీదా? దాన్నిబట్టి సాఫ్ట్‌వేర్ మారిపోతుంది. ధర చూసి కొన్నవాళ్లు తర్వాత నా దగ్గరికి వచ్చి చెప్పేది ఎప్పుడూ ఒకే మాట: ‘అన్నా, తెరిస్తే ఏం చేయాలో తోచట్లేదు.’

మీకు నోట్లో పుడుతుంది. తర్వాత కీబోర్డు మీద వెతుక్కుంటారు. అంటే మీ గొంతుని రికార్డు చేసేది, మీరు వాయించింది పట్టుకునేది, రెండూ ఒక్కదాంట్లోనే కావాలి. ఈ ఒక్క షరతుతోనే ఉచితంగా దొరికేవాటిలో కొన్ని పక్కకి పోతాయి.

కాగితం మీద పుట్టేవాళ్లకి మాత్రం నేను కళ్లు మూసుకుని మ్యూజ్‌స్కోర్ అంటాను. స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి, రాసుకునేందుకు ఇంతకంటే మంచిది ఉచితంగా లేదు. 2022 డిసెంబర్‌లో 4వ వెర్షన్ వచ్చాక దాని ఉచిత శబ్దాలు కూడా బాగా మెరుగుపడ్డాయి. స్వరం ఎంచుకుని కంట్రోల్+ఎల్ నొక్కితే దాని కింద పాట అక్షరం రాసుకోవచ్చు. తెలుగు ఫాంటు ఎంచుకుని వె, న్నె, ల అని స్వరానికొక అక్షరం చొప్పున, మధ్యలో హైఫన్ కొడుతూ పోతే పాట పుస్తకంలో అచ్చేసినట్టే ఉంటుంది. ఇక్కడ ఒక గోతి ఉంది, జాగ్రత్త. సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. అదే పేరుతో ఉన్న వెబ్‌సైట్‌లో ఇతరులు పెట్టిన నొటేషన్లు దించుకోవడానికి చందా అడుగుతారు. ఆ చందా సాఫ్ట్‌వేర్‌కే అనుకుని కట్టేసినవాళ్లు నాకు తెలుసు. మీకు స్టాఫ్ నొటేషన్ రాదన్నారు కాబట్టి ఇది మీకు అవసరం లేదు. నేర్చుకుంటానన్నా ఈ వేసవికి కాదు.

ఇక నలభై వేల ‘ఫ్రీ’ సంగతి. నేను 2006లో అదే చేశాను, అందుకే చెబుతున్నాను. ఎవరో ఇచ్చిన సీడీలోంచి ఫుల్ వెర్షన్ ఎక్కించాను. మూడు నెలలు రాజాలా నడిచింది. ఓ రోజు పాడే అమ్మాయి వచ్చి కూర్చుంది, వాళ్ల నాన్నగారు బయట కుర్చీలో ఉన్నారు, ప్రాజెక్టు తెరిస్తే తెరుచుకోలేదు. క్రాక్ ఫైల్‌ని, అంటే కొనకుండానే సాఫ్ట్‌వేర్ నడిపించే దొంగ ఫైలుని, యాంటీవైరస్ తీసేసింది. యాంటీవైరస్ ఆపి మళ్లీ ఎక్కిస్తే ఈసారి నిజంగానే వైరస్ వచ్చింది. నాలుగు పాటలు పోయాయి. ఆ నాన్నగారికి టీ తెప్పించి, కరెంటు ప్రాబ్లమ్ అని అబద్ధం చెప్పాను. చట్టం సంగతి అలా ఉంచండి. క్రాక్ పని చేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. మీ బ్యాంకు పాస్‌వర్డు కొట్టే ల్యాప్‌టాప్‌లో ఆ పని చేయకండి, అంతే.

ఉచితంగా దొరికే మిగతావి కూడా అడిగారు కాబట్టి గబగబా చెప్పేస్తాను. ఆడాసిటీ మంచి సాఫ్ట్‌వేర్, కానీ అది రికార్డు చేసి కత్తిరించడానికి. కీబోర్డు మీద వాయించి వాయిద్యాలు పేర్చుకోవడానికి కాదు. ఎల్‌ఎంఎంఎస్ దీనికి తిరగబడి ఉంటుంది. బీట్లు, సింథ్‌లు (యంత్రమే పుట్టించే శబ్దాలు) బాగా పేర్చుకోవచ్చు గానీ, మైకులో పాడింది నేరుగా రికార్డు చేయడానికి పనికిరాదు. మీకు సగం పని అక్కడే ఆగిపోతుంది. ట్రాక్షన్ వాళ్ల వేవ్‌ఫార్మ్ ఫ్రీ బాగానే ఉంటుంది, ట్రాకుల మీద పరిమితి లేదు, తెర పద్ధతి కొంచెం వేరుగా ఉంటుంది. మీ ఇంట్లో మ్యాక్ ఉంటే ఇదంతా చదవనవసరమే లేదు, గ్యారేజ్‌బ్యాండ్ ఊరికే వస్తుంది, హాయిగా పని చేసుకోవచ్చు.

కేక్‌వాక్ గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ అదే సిఫారసు చేస్తారు. పెద్ద స్టూడియో సాఫ్ట్‌వేర్ అది. 2017 నవంబర్‌లో గిబ్సన్ కంపెనీ దాన్ని ఆపేసింది. 2018లో బ్యాండ్‌ల్యాబ్ కొనుక్కుని ఉచితంగా ఇచ్చింది. కొన్నేళ్ల తర్వాత ఆ ఉచిత రూపాన్ని పక్కన పెట్టి, సోనార్ పేరుతో కొత్తది తెచ్చి, అందులో ఒక ఉచిత స్థాయి పెట్టింది. నాణ్యతకి వంక లేదు. కానీ ఆడపిల్ల పెళ్లికి చేసిన పాట పదేళ్ల తర్వాత మనవరాలి బారసాలకి మళ్లీ తెరవాలనుకునే మనిషిని నేను. యజమాని మారినప్పుడల్లా అకౌంటు, లాగిన్, కొత్త షరతులు అంటుంటే నాకు మనసు ఒప్పదు. ఇది నా చాదస్తమే కావచ్చు.

ఎఫ్‌ఎల్ స్టూడియో అంటే మన కుర్రాళ్లకి ప్రాణం. ఒకసారి కొంటే జీవితాంతం అప్‌డేట్లు ఉచితం, ఆ మాట మీద కంపెనీ నిలబడింది కూడా. మీకు ఎందుకు వద్దంటున్నానంటే, అందులో అన్నిటికంటే చవక ఎడిషన్‌లో గొంతు రికార్డు చేసి ట్రాకులో పెట్టుకునే వీలు లేదు, అది కావాలంటే పై ఎడిషన్ కొనాలి. ట్రయల్‌లో ఇంకో కిటుకు ఉంది. చేసిన పాటని సేవ్ చేసుకోవచ్చు గానీ, మూసేశాక మళ్లీ తెరవాలంటే కొనాల్సిందే. తెలియక రాత్రంతా కూర్చుని చేసి, తెల్లారి తెరవలేక ఏడుపు మొహంతో ఫోన్ చేసిన పిల్లలు ఉన్నారు.

రీపర్‌కి వద్దాం. ఎంపీత్రీల కాలంలో మనందరి కంప్యూటర్లలో విన్‌యాంప్ ఉండేది, గుర్తుందా? దాన్ని రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ తర్వాత చేసిన పని ఇది. ఇన్‌స్టాల్ ఫైలు ఒక పాట వీడియో అంత కూడా ఉండదు. మీ ఐ3 మీద ఇబ్బంది లేకుండా నడుస్తుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్‌తో ముగిసింది కాబట్టి, రేపు ఈ ల్యాప్‌టాప్‌ని లినక్స్‌కి మార్చుకున్నా మీ పాటలు తెరుచుకుంటాయి, అక్కడ దొరకని వాయిద్యాల శబ్దాలు మాత్రం మార్చుకోవాలి. 60 డాలర్ల లైసెన్సు వ్యక్తిగత వాడకానికి, బడులకి, ఏడాదికి 20,000 డాలర్లు దాటని సంపాదన ఉన్నవాళ్లకి. పెద్ద స్టూడియోలకి 225. రెండిటికీ సాఫ్ట్‌వేర్ ఒకటే. ఇప్పటి 7వ వెర్షన్‌కి కొంటే 8వ వెర్షన్ పూర్తయ్యేదాకా అప్‌డేట్లన్నీ అందులోనే. 60 రోజులు దాటినా అది ఆగిపోదు, తెరిచిన ప్రతిసారీ కొద్ది సెకన్లు ‘కొనండి’ అని గుర్తుచేస్తుంది. అది మన మర్యాదకి వదిలేసిన సంగతి. నేనైతే పాట బయటికి వెళ్లిన రోజే కొనేశాను.

కొనేటప్పుడు కార్డు తిరగ్గొడితే కంగారు పడకండి. 2020 అక్టోబర్ నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మొదటే ఆపి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ‘ఇంటర్నేషనల్’ అనే మీట వేసి, ఆన్‌లైన్‌ది మాత్రమే తెరిచి, పని అయ్యాక ఆపేయండి. 60 డాలర్లంటే ఇవాళ్టి రూపాయల్లో ఐదు వేల పైచిలుకు, పైన పన్ను, బ్యాంకు చార్జీ పడొచ్చు.

లోపం కూడా చెప్పాలి. రీపర్ తెరిస్తే బూడిద రంగు ఖాళీ తెర. వాయిద్యాల శబ్దాలు దాదాపు ఏమీ ఉండవు. కొత్త ఇల్లు కొంటే గోడలు, కరెంటు ఉంటాయి, సామాను మనమే తెచ్చుకోవాలి కదా, అలాగన్నమాట. చాలామంది మొదటి రోజే ఇక్కడ నిరాశపడి తీసేస్తారు.

సామాను ఎక్కడిదంటే, పియానోకి సలమాండర్ గ్రాండ్ పియానో అని ఉచితంగా ఉంది, యమహా సీ5 పియానో మీద రికార్డు చేసిన శబ్దాలు. దాన్ని వాయించడానికి స్ఫోర్జాండో అనే ఉచిత ప్లేయర్ వేసుకోవాలి. వయొలిన్ల గుంపు, మెత్తటి వాయిద్యాలకి స్పిట్‌ఫైర్ వాళ్ల ల్యాబ్స్. సింథ్ శబ్దాలకి సర్జ్ ఎక్స్‌టీ లేదా వైటల్. ఈ నాలుగూ చాలు. దయచేసి ‘టాప్ హండ్రెడ్ ఫ్రీ ప్లగిన్స్’ వీడియోలు చూడకండి. వంద దించుకున్నవాడు ఒక్క పాటా చేయడు. మా దగ్గర ఒకడున్నాడు, హార్డ్‌డిస్కు నిండా శబ్దాలే, ఇప్పటికీ పల్లవి దాటలేదు.

మృదంగం, తబలా, వీణ మాత్రం ఉచితంగా మంచివి దొరకడం కష్టం. దొరికినవి ‘ఢబ్ ఢబ్’ అంటాయి. దీనికి నా సలహా మీ క్యాసియోనే. మన దేశం కోసం చేసిన మోడల్ అయితే అందులో తబలా, ఢోలక్ రిథమ్‌లు ఉంటాయి. దాని హెడ్‌ఫోన్ పోర్టు నుంచి సౌండ్‌కార్డు లైన్ ఇన్‌పుట్‌కి వైరు పెట్టి నేరుగా రికార్డు చేసుకోండి. అంతకంటే మంచిది, ఊళ్లో భజనకి డోలక్ వాయించే కుర్రాణ్ని పిలిచి ఒక గంట కూర్చోబెట్టండి. మనిషి వాయించిన ఎనిమిది ఆవర్తాలు దొరికితే వాటినే కత్తిరించి పాటంతా పరచవచ్చు.

ఇప్పుడు సౌండ్‌కార్డు ఎందుకు ముఖ్యమో చెబుతాను, ఇదే అసలు విషయం. ల్యాప్‌టాప్‌కి కీబోర్డు తగిలించి పియానో శబ్దం పెట్టి మెట్టు నొక్కుతారు. శబ్దం ‘తర్వాత’ వస్తుంది. నొక్కినప్పుడు కాదు, ఒక రవ్వ ఆగి. దానితో మీరు తాళం తప్పుతారు. తప్పు మీదేననుకుని కీబోర్డు మూసేస్తారు. దాన్ని మేం లేటెన్సీ అంటాం. కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా పంపుతుంది, ఆ ముక్క సైజే బఫర్. సెకనుకి 44,100 శాంపిళ్ల లెక్కన 1024 బఫర్ పెడితే ఒక్క ముక్కకే 23 మిల్లీసెకన్లు. 128 పెడితే 3 మిల్లీసెకన్ల లోపే. లోపలికి, బయటికి కలిపి ఇది రెట్టింపు పైనే అవుతుంది. పది మిల్లీసెకన్లంటే శబ్దం గాలిలో మూడు మీటర్ల పైచిలుకు ప్రయాణం చేసే సమయం. వేదిక మీద మూడు మీటర్ల దూరంలో ఉన్న మృదంగాన్ని విని పాడటం మీకు అలవాటే, కష్టం కాదు. అదే ఇరవై మీటర్ల అవతల ఉంటే?

ల్యాప్‌టాప్‌లో ఉన్న సొంత సౌండ్ చిప్‌ని 128కి దించితే చిటపటలాడుతుంది. ఆసియో డ్రైవరుతో, అంటే శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో పంపే చిన్న ప్రోగ్రాముతో, వచ్చే బయటి సౌండ్‌కార్డు అయితే తట్టుకుంటుంది. కొనేవరకు ఆసియో4ఆల్ అనే ఉచిత డ్రైవరు వేసి చూడండి, కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది కూడా సరిపోతుంది. సరిపోతే ఐదు వేలు మిగిలినట్టే, నన్ను తిట్టుకోకండి. కొనేటట్టయితే ఒక మైకు ఇన్‌పుట్, ఒక వాయిద్యం ఇన్‌పుట్, హెడ్‌ఫోన్ పోర్టు ఉన్నది నాలుగైదు వేలలో వస్తుంది. పెట్టె మీద ఆసియో డ్రైవరు ఉందో లేదో అడిగి కొనండి. మూడు వందల రూపాయల యూఎస్‌బీ ‘సౌండ్‌కార్డు’ అని అమ్మే పుల్ల మాత్రం వద్దు.

మైకు కొనక్కర్లేదు. బడిలో ప్రార్థనకి వాడేది ఉంటుందిగా, శని ఆదివారాలు హెడ్ మాస్టారిని అడిగి తెచ్చుకోండి. దాని వైరు చివర పి38 అనే లావు పిన్ను ఉంటే అది ఆంప్లిఫయర్‌కి సరిపోయేది. మీకు ఒక చివర మూడు పుల్లలు, రెండో చివర మూడు రంధ్రాలు ఉండే ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు కావాలి, నాలుగు వందల లోపు. ఇంట్లో పాడటానికి ఖరీదైన కండెన్సర్ మైకు కంటే ఈ డైనమిక్ మైకే నయం. కండెన్సర్ పక్కింటి కుక్కర్ విజిల్‌ని కూడా ప్రేమగా రికార్డు చేస్తుంది.

మొదటి రోజు ఏం చేయాలో ఒక పాట మీద చూద్దాం. మీ పిల్లల పాట ఖండచాపులో ఉందనుకుందాం, తక తకిట, తక తకిట. రీపర్‌లో కొత్త ప్రాజెక్టు తెరవగానే ఫైలు సేవ్ చేయండి. సేవ్ చేసే పెట్టెలో ప్రాజెక్టుకి వేరే ఫోల్డరు చేయమనే గడి ఉంటుంది, టిక్కు పెట్టండి. పెట్టకపోతే ఆరు నెలలకి మీ గొంతు ఒక చోట, పాట ఒక చోట ఉంటాయి. టెంపో గడి పక్కన బీపీఎం అని రాసి ఉన్నచోట, మీరు పాడుకుంటూ తాళానికి క్లిక్ చేస్తూ పోండి, వేగం దానంతట అదే పట్టుకుంటుంది. తాళం గడిలో 5/8 రాయండి. మెట్రోనోమ్ సెట్టింగుల్లో ఏ దెబ్బ గట్టిగా, ఏది మెల్లగా అన్నది మనమే పెట్టుకోవచ్చు. మొదటి దెబ్బ, మూడో దెబ్బ గట్టివి చేస్తే తక తకిట వినిపిస్తుంది. మిశ్రచాపు అయితే 7/8, తకిట తకధిమి, ఒకటీ నాలుగూ గట్టివి. ఆదితాళానికి ఏమీ చేయక్కర్లేదు, మామూలు 4/4లో రెండు గడులు ఒక ఆవర్తం.

తర్వాత కంట్రోల్+టీ కొడితే ఒక ట్రాకు వస్తుంది. దాని మీద ఎర్ర గుండీ నొక్కి, ఇన్‌పుట్‌గా మైకు పెట్టి, ముందు మీరు పాడేయండి. చెత్తగా వచ్చినా ఫర్వాలేదు. మేం దీన్ని స్క్రాచ్ అంటాం, చివర్లో తీసేసేదే. నోట్లో వరస పుట్టేవాళ్లు మొదట కీబోర్డు రికార్డు చేస్తే, వేళ్లకి వచ్చిన మెట్టులోకి వరస జారిపోతుంది. గొంతు ముందు పడితే వాయిద్యం దాని వెనక నడుస్తుంది. ఈ ఒక్కటి చేసినా మీ పాట మీ పాటలాగే ఉంటుంది.

రెండో ట్రాకు కీబోర్డుకి. ప్రిఫరెన్సెస్‌లో మిడి అనే చోట క్యాసియో పేరు కనిపిస్తుంది, దాన్ని ఎనేబుల్ చేయాలి. ప్రింటర్‌కి వాడే చదరపు మూతి యూఎస్‌బీ వైరే చాలా కీబోర్డులకి సరిపోతుంది. కనిపించకపోతే కీబోర్డు ఆపి, వైరు పెట్టి, మళ్లీ ఆన్ చేసి, అప్పుడు రీపర్ తెరవండి. ఈ వరస తప్పితే సగం మందికి కనిపించదు. మిడి అంటే శబ్దం కాదు మాస్టారూ, 1983లో వచ్చిన ఒక భాష. ఏ మెట్టు, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నది మాత్రమే రాసుకుంటుంది. అందుకే తప్పు మెట్టు నొక్కినా మళ్లీ పాడినట్టు మళ్లీ వాయించక్కర్లేదు, గడిని మౌసుతో పైకి జరిపితే సరి. వాయించాక పియానో తీసేసి ఫ్లూటు పెట్టినా అదే వరస పలుకుతుంది.

శ్రుతి విషయంలో ఒక జాగ్రత్త. మీరు ఒకటిన్నరలో, అంటే సీ షార్ప్‌లో హాయిగా పాడతారు. ఆడపిల్లలకి ఐదు, ఐదున్నర కావాలి. ట్రాకంతా మీ శ్రుతిలో చేసేసి పిల్లల్ని పాడమంటే కింద గొణుగుతారు, లేదా పైన అరుస్తారు. మిడి ట్రాకులు ఎన్ని మెట్లయినా జరపవచ్చు, నష్టం లేదు. రికార్డు చేసిన డోలక్‌ని మాత్రం జరిపితే డబ్బా మోగినట్టవుతుంది. అందుకని డోలక్ అతన్ని పిలిచేముందే పిల్లల శ్రుతి తేల్చుకోండి.

గమకాల గురించి మీరు అడగలేదు, కానీ రెండో వారంలో అడుగుతారు, రాసేస్తాను. మోహనలో పాట కట్టి చూడండి, కీబోర్డు ఎంత ఒదిగిపోతుందో. నాలుగున్నర శ్రుతిలో మోహన మొత్తం నల్ల మెట్లే, పిల్లాడికి కూడా తప్పు మెట్టు తగలదు. మాయామాళవగౌళ కూడా సరళీ స్వరాల స్థాయిలో బాగానే నిలబడుతుంది. అదే తోడిలో గాంధారం పట్టుకోండి. మెట్టు మీద అది చచ్చిన స్వరంలా నిలబడి ఉంటుంది. రాగం అక్కడ లేదు. ఎందుకంటే తోడి గాంధారం ఒక చోట ఆగే స్వరం కాదు, ఊగే స్వరం.

కొంత మందు ఉంది. కీబోర్డుకి ఎడమపక్క చక్రం ఉంటే అది పిచ్ బెండ్. మామూలుగా రెండు సెమీటోన్లు పైకి, రెండు కిందికి లాగుతుంది. లోపల దానికి 16,384 మెట్లు ఉన్నాయి, అంటే సెమీటోన్‌కి 4096. కాబట్టి ఊపు గరుకుగా రాదు. చక్రం లేకపోతే రీపర్ మిడి ఎడిటర్‌లో కింద పిచ్ గడి తెరిచి మౌసుతో వంపు గీయవచ్చు. మొదటిసారి గీసినప్పుడు ఊపు అంబులెన్స్ సైరన్‌లా వస్తుంది, నాకూ అలాగే వచ్చింది. చిట్కా ఏమిటంటే వంపుని సమానంగా గీయకండి. మీరే ఆ సంగతి పాడి రికార్డు చేసి, నెమ్మదిగా వినండి. గొంతు పై స్వరం దగ్గర తక్కువసేపు, కింది స్వరం దగ్గర ఎక్కువసేపు ఉంటుందో, తిరగబడి ఉంటుందో పట్టుకుని అలాగే గీయండి. పియానో శబ్దం మీద ఇది పెట్టకండి, నవ్వులాటగా ఉంటుంది. ఫ్లూటు, వయొలిన్ మీదే. అయినా సహాన, తోడి లాంటివి పట్టుకున్నప్పుడు కీబోర్డుకి తంబూరా, తాళం, ఒక లోతైన షడ్జమం అప్పజెప్పి, రాగాన్ని గొంతుకే వదిలేయండి. ఇరవై రెండేళ్ల తర్వాత కూడా నేను చేసేది అదే.

చివరి గొంతు రికార్డింగ్‌కి మీకు స్టూడియో గది అక్కర్లేదు. బట్టల బీరువా తలుపులు తెరిచి, దానికి ఎదురుగా నిలబడి, వెనక ఒక రగ్గు వేలాడదీయండి. ఫ్యాన్ ఆపాలి, తప్పదు. చెమట పట్టకుండా ఉండాలంటే తెల్లవారుజామున ఐదింటికి పెట్టుకోండి, పాల ప్యాకెట్ అబ్బాయి వచ్చేలోపు రెండు టేకులు అయిపోతాయి. వెనక గూమని శబ్దం వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, పదిలో ఆరుసార్లు అదే. భ, ఫ, ప దగ్గర గాలి మైకుకి కొడుతుంది, దేశభక్తి గీతాల్లో భారత, భరతమాత అన్నచోటల్లా ‘బుఫ్’ అంటుంది. మైకుని నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి, జానెడు దూరంలో పెడితే పోతుంది. పాడేటప్పుడు తెర మీద మీటరు మైనస్ 12 దగ్గర ఆడాలి. ఎర్ర దీపం వెలిగితే ఆ టేకు ఎంత బాగా పాడినా పారేయడమే.

ప్రాక్టీసు ట్రాకుకి రెండు ఫైళ్లు తీయండి. ఒకటి మీ గొంతుతో, ఒకటి గొంతు ట్రాకు మ్యూట్ చేసి. ఫైల్ మెనూలో రెండర్ అనే మాట ఉంటుంది, ఎంపీత్రీ అక్కడే వస్తుంది. వాట్సాప్‌లో పిల్లల తల్లిదండ్రులకి పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి. ప్రాజెక్టు ఫోల్డరుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం మర్చిపోకండి. ఒక గొంతు ట్రాకు 48,000 శాంపిళ్లు, 24 బిట్లలో నిమిషానికి 9 ఎంబీ లోపే, కాబట్టి 32 జీబీ పెన్‌డ్రైవ్ మీకు చాలాకాలం వస్తుంది.

సౌండ్‌కార్డు కొనేముందు ఆసియో4ఆల్ వేసి, బఫర్ 256లో పెట్టి, పియానో మీద సరళీ స్వరాలు మూడు కాలాల్లో వాయించి చూడండి. మూడో కాలంలో శబ్దం వెనకబడిందా లేదా, చిటపటలు వచ్చాయా, ల్యాప్‌టాప్ మోడల్ ఏమిటి, క్యాసియో వెనక ఏయే పోర్టులు ఉన్నాయి, ఈ నాలుగూ రాయండి. అప్పుడు ఐదు వేలు ఖర్చు పెట్టాలో వద్దో చెప్పగలను.